మెట్ల మీద ఎవరూ లేరు

కళ్లజోడు కాడ ఊడిందని నర్సమ్మ కళ్లజోళ్ల షాపులోకి అడుగుపెట్టేసరికి, అక్కడ పనిచేసే రచయిత్రి మనసు గాల్లో తేలుతోంది. ఆ పొద్దున్నే కొత్త అధ్యాయం పాఠకుల గ్రూపులో పెట్టి వచ్చింది. చేతులు అద్దాన్ని అరగదీస్తున్నాయన్న మాటేగాని, చెవులు రెండూ బల్ల మీద మాటిమాటికీ గుర్రుమంటున్న ఫోను మీదే ఉన్నాయి. 'ఆ ఆయమ్మే చంపింది, సందేహం లేదు', 'ఒళ్లు జలదరించిందండీ', 'తర్వాతి భాగం వచ్చేదాకా ఆగలేం' అని ఒకరి మీద ఒకరు పోటీపడి రాస్తున్నారు. షాపు యజమాని ఓరకంట చూసి, "అద్దం అరుగుతోందా, మీరు కరుగుతున్నారా?" అని నవ్వాడు.

ఇది ఆమె మూడో డిటెక్టివ్ నవల. మొదటి రెండూ తనే రాసి, తనే అచ్చు వేయించుకుని, తనే కట్టలు మోసుకుంటూ తిరిగి అమ్ముకుంది. ఈసారి వారానికో అధ్యాయం ఫోనులో పంచడం మొదలుపెట్టాక కథ మారిపోయింది. వీధి వీధంతా చదువుతోంది. 'డిటెక్టివమ్మ' అని పేరు కూడా పెట్టేశారు. ఇక మూడు అధ్యాయాలు మిగిలాయి. వారం వారం ఆగకుండా ఆదివారానికే మూడూ ముగించి, గ్రూపులో పెట్టేసి, సోమవారం ప్రెస్సులో ఇవ్వాలి. ప్రెస్సాయన ఆ వారం మిషను ఇంకెవరికీ ఇవ్వకుండా ఆమె కోసమే ఆపి ఉంచాడు.

నర్సమ్మ నిజానికి నర్సు కాదు. మంచాన పడ్డవాళ్లనూ, వయసు మీదపడి ఒంటరిగా ఉన్నవాళ్లనూ చూసుకోవడం ఆమె పని. తెల్లకోటు వేసుకుంటుంది కాబట్టి ఆ పేరొచ్చింది. మెడలో తాడుకు వేలాడే తాళంచెవిని పక్కకు నెట్టుకుని, కళ్లజోడును రుమాల్లోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"మరమేకు పడిపోయినట్టుందమ్మా. దారం కట్టుకుంటే నిలవట్లేదు."

రచయిత్రి ఫోనును బోర్లా పడేసి, డబ్బాలోంచి చిన్న మరను వేలికొనకు అంటించుకుని తీసింది. ఆమె నర్సమ్మ ముఖం వంక చూడలేదు. ఈమధ్య నర్సమ్మ ఎదురుపడితే ఎందుకో చూపు తిప్పుకోవాలనిపిస్తోంది. కాడను ఫ్రేముకు ఆనించి మర తిప్పుతుండగా తలుపు తెరుచుకుంది. బ్యాంకాయన కోడలు.

బ్యాంకాయన అంటే ఆ వీధిలో అందరికీ ఒకరే. రిటైరై, పుస్తకాల పురుగై కూర్చున్న పెద్దమనిషి. ఆయన భార్య పక్షవాతంతో మంచానపడి ఉంది. ఆవిడను పగలంతా చూసుకునేది నర్సమ్మే.

"నువ్విక్కడున్నావా? మంచిదైంది, మళ్లీ ఫోన్ చేసే పని తప్పింది," అంది కోడలు. "రేపట్నుంచి నువ్వు రావక్కర్లేదు."

"అత్తగారిని ఎక్కడికైనా తీసుకెళ్తున్నారా అమ్మా?"

"లేదు. వేరే మనిషిని చూసుకున్నాం."

నర్సమ్మ సంచీని గుండెలకు హత్తుకుంది. "నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా?"

"పొరపాటని కాదు. జరిగేదాకా ఆగడం ఎందుకని."

షాపులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్లు ఫ్రేములు చూడటం ఆపి నర్సమ్మను చూడటం మొదలుపెట్టారు. నర్సమ్మ చెయ్యి చాచింది. రచయిత్రి కళ్లజోడు ఆ చేతిలో పెట్టింది. అది సరిగ్గా కూర్చుందో లేదో అద్దంలో చూసుకోకుండానే నర్సమ్మ పెట్టుకుని, "ఎంతివ్వాలి?" అని అడిగింది. యజమాని వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె వెళ్లిపోయింది.

కోడలు బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది. "మీ పుణ్యమా అని మేలుకున్నామండీ. ముసలావిడను ముట్టుకునే ముందు ఆ ఆయమ్మ చేతులు రుద్దుకుంటుందని రాశారు చూడండీ, ఈవిడా అచ్చం అంతే! ఇలా, ఇలా. అది చదివినప్పట్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. ఆ ఫోనమ్మ దగ్గర పనిచేసింది కూడా ఈవిడే కదా, ఆవిడ మెట్ల మీంచి పడిపోయినప్పుడు! మనం ఎంత గుడ్డిగా ఉన్నామో!"

రచయిత్రి ఏదో అనబోయింది. మళ్లీ చేతిలోకి తీసుకున్న అద్దం అరగదీసే రాయికి బలంగా తగిలి అంచు చిట్లింది.

*

ఫోనమ్మ పోయిన వానాకాలంలో చనిపోయింది. టెలిఫోను ఆఫీసులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి, పెళ్లి చేసుకోలేదు. రచయిత్రి ఇంటికి ఎదురు మేడలో, పై అంతస్తులో ఉండేది. ఒక సాయంత్రం బయటి మెట్ల మీంచి పడి, ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయింది. అందరూ అయ్యో అన్నారు. ఎవరూ ఎవరినీ అనుమానించలేదు. రచయిత్రి రాసుకునే బల్ల దగ్గరి కిటికీలోంచి ఆ మెట్లు కనిపిస్తాయి. ఖాళీ మెట్లను చూస్తూ చూస్తూ ఒకరోజు, 'ఎవరైనా తోసి ఉంటే?' అనుకుంది. నవల అలా మొదలైంది.

ఆమె ఇంటికొచ్చేసరికి అక్క వంటగది బల్ల దగ్గర ప్రూఫులు దిద్దుతోంది. అచ్చుతప్పు కనిపిస్తే దోమను కొట్టినట్టు ఎర్రపెన్నుతో టక్కున కొట్టడం అక్క అలవాటు.

"బ్యాంకాయన ఇంట్లో నర్సమ్మను మాన్పించేశారక్కా."

"ఏమొచ్చింది వాళ్లకు?"

"నా నవల చదివి."

పెన్ను ఆగింది. అక్క కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంది. "నేను మొదట్లోనే అన్నాను. ఫోనమ్మను సంగీతం టీచరమ్మను చేశావు, మేడ రంగు మార్చావు. నర్సమ్మను మాత్రం ఉన్న మనిషిని ఉన్నట్టు ఎత్తుకొచ్చి పెట్టేశావు. ఆ తాళంచెవి తాడు, ఆ నడక, ఆ చేతులు. వీధిలో ఎవరికైనా కళ్లు లేవనుకున్నావా? అందరికీ కళ్లజోళ్లు పెట్టింది నువ్వే కదే!"

"ఆమె హంతకురాలు కాదక్కా! చదివేవాళ్లు అటు అనుమానపడాలని పెట్టాను, అంతే. చివరి అధ్యాయంలో తేలిపోతుంది, ఆమె కడిగిన ముత్యమని."

"చివరి అధ్యాయం ఎప్పుడు?"

"ఆదివారం."

"అప్పటిదాకా ఆమె ఇంట్లో పొయ్యి వెలగొద్దా?"

రచయిత్రి కుళాయి తిప్పి, చేతులకు అంటిన అద్దం పొడిని కడుక్కుంది. "నేను రాసింది కథ," అంది చివరికి. "వాళ్లు నిజమనుకుంటే నా తప్పా?" ఆ మాటలో పస లేదని ఆమెకే తెలిసింది. అక్క మళ్లీ ప్రూఫుల్లోకి తల దూర్చేసింది.

మర్నాడు పొద్దున ఆమె రాసుకునే బల్ల ముందు కూర్చుని కొత్త అధ్యాయానికి బదులు ఒక మనవి రాసింది. 'నా నవలలోని ఆయమ్మకు ఈ వీధిలో ఎవరితోనూ సంబంధం లేదు. ఆమె ఏ పాపమూ ఎరగదు. ఈ మాట రచయిత్రిగా నేనే చెబుతున్నాను. దయచేసి ఎవరినీ అనుమానించకండి.' పంపే ముందు ఒకసారి చదువుకుంది. ఇన్ని నెలలు పోగుచేసిన ఉత్కంఠ అంతా ఆ నాలుగు వాక్యాలతో నీరుగారిపోతుంది. ముగింపు దాకా దాచవలసిన మాటను నడిబజారులో పెట్టినట్టే. కళ్లు మూసుకుని పంపేసింది.

ఆమె కళ్లు తెరిచేలోపే జవాబులు మొదలయ్యాయి.

'అబ్బ, ఏం ఎత్తు వేశారండీ!'

'ఏ పాపమూ ఎరగదట! అయితే ఖాయం. ఆమే.'

'డిటెక్టివమ్మగారూ, మమ్మల్ని అంత అమాయకులనుకుంటున్నారా?'

పకపక నవ్వే బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. అప్పటిదాకా కథలో వేరెవరినో అనుమానిస్తున్నవాళ్లు కూడా ఆ దెబ్బతో ఆయమ్మ వైపు తిరిగిపోయారు. అంతలో బ్యాంకాయనే స్వయంగా ఫోన్ చేశాడు. గొంతులో సంబరం.

"అమ్మా, ఇలాంటి పుస్తకాలు నమిలి మింగినవాణ్ణి నేను. రచయిత ఎవరిని కాదంటే వాళ్లే హంతకులు. నా దగ్గరా మీ పప్పులు?"

"బాబాయిగారూ, ఇది కథ గురించి కాదు. నర్సమ్మ చాలా మంచి మనిషి. పిన్నిగారిని ఎంత బాగా చూసుకుందో మీకు తెలుసు. ఆవిడను మళ్లీ..."

"ఆ సంగతులు కోడలు చూసుకుంటుందమ్మా. మనం సాహిత్యం మాట్లాడుకుందాం."

ఫోన్ పెట్టేశాక ప్రెస్సాయన నుంచి కబురు. పుస్తకం కోసం ముందుగా అడిగేవాళ్లు పెరిగారట, ఇంకొన్ని ప్రతులు ఎక్కువ వేద్దామా అని. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట అది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. సంతోషం రాలేదు.

*

నర్సమ్మ ఉండేది సైకిళ్ల రిపేరు షాపు వెనక ఒంటిగది. గోడకు ఉతికిన తెల్లకోట్లు రెండు వేలాడుతున్నాయి. మంచం మీద దుప్పటి ఆసుపత్రిలో పరిచినట్టు మూలలు మడిచి, ముడత లేకుండా ఉంది. శుక్రవారం పొద్దున రచయిత్రి గుమ్మంలో నిలబడేసరికి నర్సమ్మ మూడో కోటు గుండీ కుట్టుకుంటోంది. తలెత్తి చూసి, లేవలేదు.

"ఇంకా ఏమైనా రాసుకోవాల్సింది మిగిలిందా అమ్మా?"

నర్సమ్మ దారం కొరికి తెంపింది.

"అన్నీ చదివానండీ. బాగా రాస్తారు. చదువుతుంటే నాకే అనుమానమొచ్చింది, నేనే తోశానేమోనని." కుర్చీ కాలితో ముందుకు జరిపింది. "కూర్చోండి. చేతుల గురించి రాశారు. చల్లటి చేతులు తగిలితే పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. అందుకని రుద్దుకుంటాను. మీరు అడిగి ఉంటే చెప్పేదాన్ని."

"తప్పయిపోయింది. నేను..."

"తప్పు సంగతి తర్వాత. నిన్న ఫోనమ్మగారి తమ్ముడు ఫోన్ చేశారు."

ఫోనమ్మ తమ్ముడు రైలు డ్రైవరు. అక్క చేతుల మీద పెరిగినవాడు. డ్యూటీ మధ్యలో ఖాళీ దొరికితే చాలు, అక్కను చూడటానికి వచ్చేసేవాడు. రచయిత్రి కిటికీలోంచి చాలాసార్లు చూసింది.

"ఆవిడ పోయిన రోజు నా రెండు చేతులూ పట్టుకుని, 'మా అక్కను కన్నబిడ్డలా చూసుకున్నావమ్మా' అని ఏడ్చిన మనిషి," అంది నర్సమ్మ. "నిన్న నన్ను 'మీరు' అన్నారు. 'శనివారం సాయంత్రం ఆ మెట్ల దగ్గరికి రండి, మీతో మాట్లాడాలి' అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పకపోతే పోలీసుల దగ్గరికే వెళ్తారట. ఎవరో మీ అధ్యాయాలన్నీ ఆయనకు పంపించారు."

"నేను ఇవాళే చివరి అధ్యాయం పెట్టేస్తాను!" రచయిత్రి కుర్చీ అంచుకు జరిగింది. "మనవి నమ్మలేదు సరే, కథ నమ్ముతారు. అందులో మీరు కాదని రుజువులతో సహా తేలిపోతుంది. అసలు హంతకుడు బయటపడతాడు."

"ఎవరు?"

రచయిత్రి తటపటాయించింది. ఆ రహస్యం అక్కకు కూడా చెప్పలేదు. "తమ్ముడు," అంది. "కథలో ఓడ మీద పనిచేసే తమ్ముడొకడుంటాడు. ఆ ఇంటి కోసం..."

నర్సమ్మ చేతిలోని కోటు జారిపడింది. ఆమె లేచి వెళ్లి తలుపు మూసింది. గదిలో వెలుతురు సగానికి తగ్గింది.

"ఓడైతే ఏంటి, రైలైతే ఏంటమ్మా? ఆయనా చదువుతున్నాడు."

మంచం కింద పెట్టె లాగి, బట్టల అడుగు నుంచి ఒక గుడ్డసంచీ తీసింది. అందులోంచి ఒక చెప్పు బయటకు వచ్చింది. ముందు భాగం మూసి ఉండే మెత్తటి నీలం చెప్పు. అడుగు పెద్దగా అరగలేదు.

"ఇది ఫోనమ్మగారి కుడికాలిది. ఎడమది మెట్ల మీదే ఊడిపోయింది. ఇది ఆసుపత్రి దాకా కాలికే ఉంది. అక్కడ విప్పి నా చేతిలో పెట్టారు. లోపల చెయ్యి పెట్టి చూడండి."

రచయిత్రి వేళ్లకు మెత్తగా ఏదో తగిలింది. బొటనవేలు ఉండవలసిన చోట గుడ్డపీలికలు ఉండచుట్టి కుక్కి ఉన్నాయి.

"ఒక సైజు పెద్దవి. తమ్ముడు తెచ్చాడు. మార్పిద్దామంటే వినేది కాదు. 'వాడు డ్యూటీ మధ్యలో షాపులు తిరిగి తెచ్చాడే, పెద్దవయ్యాయంటే ముఖం చిన్నబుచ్చుకుంటాడు' అనేది. వచ్చినప్పుడల్లా ఆయన ముందు చూసేది కాళ్ల వంకే, వేసుకుందా లేదా అని. ఆ రోజు ఆయన వస్తున్నాడని తెలిసి ఇవి వేసుకుంది. నేను పాలకని గేటు దాకా వెళ్లాను. పైనుంచి 'వచ్చేశాడా?' అని కేకేసింది. 'ఉండండి, నేనొస్తున్నా' అన్నాను. ఆగలేదు." నర్సమ్మ చెప్పును వెనక్కి తీసుకుంది. "మెట్ల మీద పడ్డదాంట్లోంచి పీలికలు రాలిపోయి ఉంటాయి. ఊడ్చేసి ఉంటారు. అది ఆయన దగ్గరే ఉంది. అందులో ఏమీ లేదు కాబట్టి ఆయనకు తెలియదు."

"ఇది చూపిస్తే చాలు కదా! మీ మీద అనుమానం ఈ క్షణంలో పోతుంది."

"పోతుంది. ఆ తర్వాత ఆయన రైలెలా నడుపుతాడు?"

రచయిత్రికి అప్పటిదాకా తను అల్లిన చిక్కుముడులన్నీ ఆ చెప్పు ముందు బొమ్మలాటలా అనిపించాయి. ఆ బాధలో కూడా మనసులో ఎక్కడో ఓ మూల, చివరి అధ్యాయంలో ఇది ఎంత బాగా పండుతుందో అనే ఆలోచన తల ఎత్తింది. దాన్ని గుర్తుపట్టి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

నర్సమ్మ ఆ ముఖాన్ని చదివినట్టే అంది. "మీకు చూపించింది రాసుకోమని కాదు. ఆయన్ని హంతకుడని రాయకుండా ఉంటారని."

*

శనివారం సాయంత్రం రచయిత్రి షాపు నుంచి ముందే బయటపడి ఎదురు మేడకు వెళ్లింది. ఆమెను ఎవరూ పిలవలేదు. అక్క కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది.

రైలు డ్రైవరు మెట్ల మధ్యలో కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి. ఒళ్లో కాగితాల బొత్తి. ఆమె అధ్యాయాలన్నీ అచ్చు తీయించుకున్నాడు. చాలా చోట్ల గీతలు గీసి ఉన్నాయి. నర్సమ్మ కింద నిలబడి ఉంది. ఆయన కూర్చోమనలేదు, ఆమె కూర్చోలేదు.

"మీరే వచ్చారు, మంచిది," అన్నాడు రచయిత్రిని చూసి. "అసలు అడగాల్సింది మిమ్మల్నే. మీ కిటికీ అదే కదా?"

"అవునండీ."

"మీరు చూశారు. చూడకుండా ఎవరూ ఇలా రాయలేరు."

"ఇది కల్పించి రాసిందండీ."

"కల్పించారా?" ఆయన ఒక కాగితం లాగి వేలు పెట్టాడు. "మెట్ల మీద ఒక్క చెప్పే దొరికిందని రాశారు. నిజంగానే ఒక్కటే దొరికింది. ఆ సంగతి నాకూ, దాన్ని తెచ్చిచ్చిన ఊడ్చే మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు. మీకెలా తెలుసు?"

రచయిత్రి ఆ వాక్యం వంక చూసింది. రెండు చెప్పులకంటే ఒక్క చెప్పు భయంగా ఉంటుందని రాసింది, అంతే. ఆ సంగతి చెబితే ఈ మనిషి నమ్ముతాడా? గ్రూపులో నిజం చెబితే ఏమైందో ఆమె చూసింది.

ఆయన నర్సమ్మ వైపు తిరిగాడు. "రెండోది ఏమైంది?"

"ఆసుపత్రిలో పోయింది బాబూ."

"నా ముఖం చూసి చెప్పండి."

నర్సమ్మ నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. ఆయన కాగితాలు పక్కన పెట్టి నెమ్మదిగా లేచాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"సరే. నేనిక అడగను. అడగాల్సినవాళ్లే అడుగుతారు."

"నేను చూశాను," అంది రచయిత్రి.

ఆయన వేలు ఫోను మీద ఆగిపోయింది. నర్సమ్మ తలెత్తింది.

ఫోనమ్మ పడిన సాయంత్రం రచయిత్రి ఆ కిటికీ దగ్గర లేదు. కళ్లజోళ్ల షాపులో ఫ్రేము వేడిచేసి వంచుతోంది. కబురు అక్క ఫోను చేసి చెప్పింది. ఆమె చూసినదంతా నిన్న ఒక ఒంటిగదిలో విన్న నాలుగు మాటలే. ఆ మాటలను ఆమె ఇప్పుడు ఒక్కొక్కటిగా తీసింది. తొందరపడలేదు. కళ్లారా చూసినవాళ్లు ఎక్కడ తడబడతారో అక్కడ తడబడింది, ఎక్కడ గుర్తులేదంటారో అక్కడ గుర్తులేదంది. ఇన్నేళ్లు నేర్చుకున్న పనితనమంతా ఒక్కడి ముందు పరిచింది.

"నర్సమ్మ గేటు దగ్గరుంది. పాలవాడి దగ్గర పాలు తీసుకుంటోంది. మీ అక్కగారు పై మెట్టు మీదికి వచ్చారు. 'వచ్చేశాడా?' అని అడిగారు. ఆ మాట నాకు వినిపించింది. నర్సమ్మ 'ఉండండి, వస్తున్నా' అంది. ఆవిడ ఆగలేదు."

ఆయన ఒక మెట్టు కిందికి దిగాడు. "ఆ మాటే అందా? 'వచ్చేశాడా' అని?"

"అవునండీ."

"ఎలా పడింది?"

నర్సమ్మ ఊపిరి బిగబట్టడం రచయిత్రికి తెలిసింది. "పగలంతా వాన. మెట్లు తడిగా ఉన్నాయి. కాలు జారింది. నర్సమ్మ పాలు అక్కడే పడేసి పరిగెత్తింది. మీ అక్కగారి కాలికి ఒక చెప్పు ఉంది, ఒకటి మెట్టు మీదే ఉండిపోయింది. అందుకే అలా రాశాను."

"ఆమె వెనక ఎవరైనా..."

"లేరు. మెట్ల మీద ఎవరూ లేరు."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. కూర్చోవడం కాదు, కూలబడ్డాడు. పెద్ద పెద్ద అరచేతులతో ముఖం కప్పుకున్నాడు. వీధిలో ఏదో బండి వెళ్లింది. "నా కోసమే దిగిందన్నమాట," అన్నాడు. నర్సమ్మ అప్పుడు ఆయన పక్కకు వెళ్లి కూర్చుంది. "మీరొస్తున్నారంటే ఆవిడకు పండగే బాబూ. ఆ రోజు పొద్దుట్నుంచీ పాటలు పాడుతూనే ఉంది," అంది. ఈసారి ఆయన ముఖంలోకి చూసే చెప్పింది.

ఆయన తలూపాడు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, నర్సమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు కన్నబిడ్డలా చూసుకున్నావని అన్న నోటితోనే నిన్ను... నన్ను మన్నించమ్మా." తర్వాత రచయిత్రి వైపు తిరిగాడు. ఇప్పుడా కళ్లల్లో అనుమానం లేదు. మరొకటేదో చేరింది.

"ఇంత చూసినవాళ్లు ఇలా ఎందుకు రాశారు?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. అబద్ధమంతా పకడ్బందీగా అల్లుకుంది గానీ దానికి ఈ తలుపు ఉందని చూసుకోలేదు. నర్సమ్మ పెదవులు విడివడ్డాయి. రచయిత్రి ఆమెను మాట్లాడనివ్వలేదు.

"కాలు జారి పడిందంటే ఎవరు చదువుతారండీ?"

ఆయన కాగితాల బొత్తిని వంగి తీసి, కొసలతో పట్టుకుని ఆమెకు అందించాడు. "మీ సొమ్ము. తీసుకెళ్లండి."

*

ఆదివారం మధ్యాహ్నానికి వీధి మొత్తానికి తెలిసిపోయింది. రైలు డ్రైవరు బ్యాంకాయనకు ఫోన్ చేశాడట. బ్యాంకాయన గ్రూపులో పెట్టాడు. ప్రమాదమని కళ్లారా చూసి కూడా, నోరులేని మనిషిని హంతకురాలిగా చూపించి సొమ్ము చేసుకోవాలనుకున్న రచయిత్రి చేతి రాతను తానిక ముట్టనని రాశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే గ్రూపులోంచి తప్పుకున్నారు. నర్సమ్మను అనుమానించినవాళ్లే అందరికంటే ముందు తప్పుకున్నారు.

రచయిత్రి ప్రెస్సాయనకు ఫోన్ చేసి, మిషను వేరే ఎవరికైనా ఇచ్చేయమంది. ఆయన మొదట తమాషా అనుకున్నాడు. తర్వాత తిట్టాడు. తిట్టిందంతా విని పెట్టేసింది.

అక్క ప్రూఫుల కట్టను తాడుతో కడుతోంది. ముడి వేస్తూ తలెత్తకుండానే అంది, "ఆ రోజు నీకు షాపుకు ఫోన్ చేసింది నేనే కదే."

"నువ్వే."

అక్క ముడి గట్టిగా బిగించింది. ఇంకేమీ అడగలేదు. ఎర్రపెన్నుకు మూత పెట్టి, స్టౌ మీద టీకి నీళ్లు పడేసింది. "అయితే ఇప్పుడేం చేస్తావు?"

"ఇంకోటి మొదలుపెడతాను."

"ఈసారి ఎవరిని చంపుతావు?"

"ముందు మనుషుల్ని పుట్టించనీ అక్కా. అరువు తెచ్చుకోకుండా."

ఆ వారంలోనే బ్యాంకాయన కోడలు సైకిల్ షాపు వెనక గదికి వెళ్లి, బతిమాలి నర్సమ్మను వెనక్కి తెచ్చుకుంది. నర్సమ్మ రెండు మూడుసార్లు షాపు అద్దాల ముందు నుంచి వెళ్లింది. లోపలికి చూసి ఆగేది. రచయిత్రి పనిలో ఉన్నట్టు తల వంచుకునేది. పలకరిస్తే నర్సమ్మ ఎక్కడ నిజం చెప్పేస్తుందో అని భయం.

ఒకరోజు బ్యాంకాయనే వచ్చాడు. పాత అద్దాలు మసకబారాయట. రచయిత్రి అలవాటుగా లేచి చెయ్యి చాచింది. ఆయన కళ్లజోడు ఇవ్వలేదు. ఆమె మీదుగా యజమానిని చూశాడు.

"ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే మీరే చూడండి. ఆవిడ చేతికి మాత్రం ఇవ్వను."

షాపులో ఉన్నవాళ్లు ఇటు తిరిగారు.

"ఏమైంది సార్?" అన్నాడు యజమాని.

"ఏమైందా? కళ్లెదుట జరిగింది చూసి, నోరు మూసుకుని, ఒక పేదరాలి నోటి దగ్గరి కూడు లాగేసిన మనిషి. కిటికీలోంచి అంతా చూసిందట!"

"చూడటమేంటి సార్?" యజమాని కనుబొమలు ముడిపడ్డాయి. "ఆ సాయంత్రం ఈవిడ ఇక్కడే..."

"సార్," అంది రచయిత్రి. పక్కనున్న ట్రే తీసి యజమాని చేతుల్లో పెట్టింది. పెట్టి వదల్లేదు, గట్టిగా పట్టుకునే ఉంది. "బాబాయిగారి పవరు మీరే చూడండి. నాకు ఇక్కడ అద్దాలు మిగిలున్నాయి."

యజమాని ఆమె ముఖం చూశాడు. నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ట్రే తన వైపు లాక్కుని, "ఇలా కూర్చోండి సార్," అన్నాడు బ్యాంకాయనతో.

రచయిత్రి వెళ్లి తన స్టూలు మీద కూర్చుంది. కొత్త అద్దాన్ని వెలుతురుకు ఎత్తి, మధ్యలో సిరాచుక్క పెట్టింది. మీట నొక్కేసరికి రాయి గరగరమని తిరగసాగింది. అటుపక్క బ్యాంకాయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఆ చప్పుడులో అది ఆమెకు వినిపించలేదు. అద్దం అంచును మెల్లగా రాయికి ఆనించింది.